స్కానింగ్ నార్మల్, చూపు 6/6, అయినా రోజూ తలనొప్పి: రెండు కళ్ళూ కలిసి పనిచేస్తున్నాయో లేదో ఎవరైనా చూశారా?

మీరు కావలి నుంచి రాసిన ప్రశ్న ఇదీ: మీ చెల్లెలికి ఇరవై మూడేళ్ళు. నెల్లూరులో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. రెండేళ్ళుగా తలనొప్పి. పుస్తకం పట్టిన గంటకు కనుబొమల పైన మొదలై కణతలకు, అక్కణ్ణుంచి మెడ వెనక్కి పాకుతుంది. సైనస్ అన్నారు, ఆవిరి పట్టించారు. మైగ్రేన్ అన్నారు, మాత్రలు వాడారు. ఎంఆర్ఐలో ఏమీ లేదు. కంటి పరీక్షలో రెండు కళ్ళూ 6/6, అద్దాలు అక్కర్లేదన్నారు. మీ అమ్మగారు దిష్టి కూడా తీశారు. ఇప్పుడు బంధువులు ‘చదవలేక వంకలు పెడుతోంది’ అంటున్నారు. ఇంకా చూపించాల్సింది ఏమైనా మిగిలిందా అని అడిగారు.

మిగిలింది. నేను ఆప్టోమెట్రిస్టుని. నెల్లూరు పొగతోటలో చాలా ఏళ్ళుగా కళ్ళు పరీక్షిస్తున్నాను. మీరు రాసిన వరస, అంటే పొద్దున లేవగానే నొప్పి లేకపోవడం, చదివేకొద్దీ పెరగడం, ఊరికొచ్చి నాలుగు రోజులు పుస్తకం ముట్టకపోతే తగ్గిపోవడం, చదివేటప్పుడు ఒక కన్ను చేత్తో మూసుకోవడం, ఇవన్నీ ఒక్కచోట కనిపిస్తే నేను మొదట అనుమానించేది దాగిన మెల్లని. కళ్ళజోడు లేకపోయినా, బయటికి కళ్ళు నిటారుగా ఉన్నా ఇది ఉండొచ్చు. ఆ చివరి సంగతి, చెయ్యి అడ్డం పెట్టుకుని చదవడం, మీరు ఉత్తరం చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. నాకు మాత్రం మొత్తం ఉత్తరంలో అదే ముఖ్యం.

ముందు 6/6 అంటే ఏమిటో చూద్దాం. కుడికన్ను మూసి ఎడమకంటితో, ఎడమకన్ను మూసి కుడికంటితో దూరంగా గోడమీది అక్షరాలు చదివిస్తారు. ఒక్కో కన్ను విడిగా ఎంత స్పష్టంగా చూస్తుందో అందులో తెలుస్తుంది. రెండూ తెరిచి ఉంచినప్పుడు ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తున్నాయో ఆ పరీక్ష చెప్పదు, చెప్పడానికి పెట్టిందీ కాదు. 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలైనప్పుడు ఎంతోమంది బడిపిల్లలకు మొట్టమొదటిసారి కళ్ళజోడు వచ్చింది, అది చాలా మంచి పని. కానీ అలాంటి శిబిరాల్లో ప్రధానంగా చూసేది చూపు. రద్దీగా ఉండే ఓపీలోనూ అంతే. కళ్ళు నిటారుగా కనిపించి, చూపు 6/6 వచ్చిందంటే తర్వాతి పేషంటుని పిలుస్తారు.

ఒక్కో కంటికి ఆరు కండరాలు, రెండింటికీ పన్నెండు. రెండు కళ్ళూ ఒకే అక్షరం మీద నిలిస్తేనే మెదడు రెండు బొమ్మల్ని ఒకటిగా కలుపుతుంది. చాలామందిలో కళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు కొంచెం బయటికో, లోపలికో జారే గుణం ఉంటుంది. దీన్నే ఫోరియా అంటారు, నేను పైన దాగిన మెల్ల అన్నది ఇదే. కొద్దిగా ఉంటే అది జబ్బు కాదు. మెదడు ఎప్పటికప్పుడు సరిచేసుకుంటుంది కాబట్టి ఆ మనిషికీ తెలియదు, ఎదుటివాళ్ళకీ కనిపించదు. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు పక్కకు లాగుతుంటే రైతు పగ్గం బిగించి దాన్ని సాలులోనే నడిపిస్తాడు చూడండి, చూసేవాళ్ళకు దుక్కి తిన్నగానే ఉంటుంది, సాయంత్రానికి నొప్పి పుట్టేది రైతు చేతికి. జారే గుణం ఎక్కువైనా, దాన్ని పట్టి ఉంచే శక్తి తక్కువైనా ఆ శ్రమ నుదుటి నొప్పిగా, కళ్ళు లాగడంగా, అక్షరాలు అలుక్కుపోవడంగా, వరసలు తప్పడంగా బయటపడుతుంది. కొందరికి నొప్పి కంటే ముందు నిద్ర ముంచుకొస్తుంది. పుస్తకం తెరవగానే ఆవలింతలు వస్తే ఇంట్లో వాళ్ళు బద్ధకమనుకుంటారు.

దగ్గరి చూపుకి ఎంత పని పడుతుందో లెక్క చెబుతాను. కళ్ళు లోపలికి తిరగడాన్ని ప్రిజమ్ డయాప్టర్లలో కొలుస్తాం. ఒక మీటరు దూరంలో చూపు ఒక సెంటీమీటరు పక్కకు జరిగితే ఒక ప్రిజమ్. రెండు కంటిపాపల మధ్య దూరం 6 సెంటీమీటర్లు అనుకోండి. పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే కళ్ళు సుమారు 15 ప్రిజమ్‌లు లోపలికి తిరగాలి. అదే సెల్‌ఫోను పడుకుని 20 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకుంటే పని 30కి పోతుంది. పగలంతా పుస్తకం, రాత్రి ఫోనులో మాక్ టెస్టులు. దగ్గరికి చూసేటప్పుడు కళ్ళు బయటికి జారే గుణం ఉన్నవాళ్ళకి ఇది మోయలేని బరువు. దీన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియన్సీ అంటారు. చదువుకునే వయసులో నేను ఎక్కువగా చూసేది ఇదే. ఇంటర్ హాస్టళ్ళ పిల్లలు, పోటీ పరీక్షల పిల్లలు, పాటూరులో మగ్గం మీద కూర్చునేవాళ్ళు, పొద్దస్తమానం కంప్యూటరులో లెక్కలు రాసేవాళ్ళు. పక్కన తమిళనాడులో బడిపిల్లల మీద జరిగిన బ్యాండ్ అనే అధ్యయనంలో దాదాపు 30 శాతం మందిలో ఈ కోవకు చెందిన, మెల్లకన్నులా బయటికి కనిపించని లోపాలు దొరికాయి, వాటిలో కన్వర్జెన్స్ లోపమే ఎక్కువ. ఆ పిల్లలందరికీ తలనొప్పి ఉందని కాదు, లోపం మాత్రం అంత మామూలుది.

ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడెందుకొచ్చిందని మీకు అనిపించొచ్చు. పట్టి ఉంచే శక్తి ఎప్పుడూ ఒకేలా ఉండదు. నిద్ర చాలకపోయినా, టైఫాయిడో డెంగ్యూనో వచ్చి లేచాక, కాన్పు తర్వాత, ఒక్కసారిగా చదువు గంటలు పెరిగినా అది తగ్గుతుంది. నలభై దాటి చత్వారం మొదలయ్యేటప్పుడు కూడా చాలామందికి పాత ఫోరియా బయటపడుతుంది.

కళ్ళు పక్కలకు జారడం కంటే ఒక కన్ను కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి ఉండటం ఇంకా ఇబ్బంది పెడుతుంది. లోపలికి తిరగడానికి మనకు చాలా శక్తి ఉంది గానీ, పైకీ కిందికీ సర్దుకునే శక్తి మామూలు మనిషికి రెండు మూడు ప్రిజమ్‌లే. ఉదయగిరి వైపు నుంచి ఒకామె వచ్చింది. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే పని. పని మొదలెట్టిన కాసేపటికే కుడి కణత, మెడ పట్టేసేవి. మెడ ఎముకలు అరిగాయని కాలరు పెట్టుకుని, బామ్ రాసుకుని బతుకుతోంది. కుర్చీలో కూర్చోగానే తల ఎడమ భుజం వైపు వంచింది. తల నిటారుగా పెట్టమ్మా అంటే పెట్టింది, మరో నిమిషానికి మళ్ళీ వంగింది. ఎదురుగా లైటు చూడమని, నల్లటి కవరు ఒక కంటి మీంచి ఇంకో కంటి మీదికి మార్చాను. కవరు తీసిన ప్రతిసారీ కుడికన్ను పైనుంచి సన్నగా కిందికి దిగి లైటు మీద నిలుస్తోంది. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు ఆ కదలిక కనిపించదు, కవరు మారుస్తుంటేనే కనిపిస్తుంది. పెళ్ళి ఫొటో ఉందా అని అడిగాను. భర్త ఫోనులో చూపించాడు: తలంబ్రాల ఫొటోలో తల ఎడమవైపే, చిన్నప్పుడు బళ్ళో తీసిన గ్రూపు ఫొటోలోనూ ఎడమవైపే. పుట్టుకతోనే కుడికంటి పై కండరం ఒకటి బలహీనం, తల వంచి ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది, నలభై దగ్గరపడేసరికి శక్తి చాల్లేదు. కంటి డాక్టరుగారు చూసి నిర్ధారించాక, బొమ్మని పక్కకు జరిపే ప్రిజమ్ అద్దాలు, నాలుగు ప్రిజమ్‌లని రెండు అద్దాలకీ సగం సగం పంచి ఇచ్చాం. కుడి అద్దంలో మందం అంచు కిందికి, ఎడమ అద్దంలో పైకి. నొప్పి ఒక్కరోజులో పోలేదు, పని ఎక్కువైన రోజున ఇప్పటికీ వస్తుంది. కానీ రోజూ మాత్ర మింగే అవసరం తప్పింది, మెడ కాలరు తీసేసింది.

మీ చెల్లెలి పాత ఫొటోలు కూడా ఒకసారి తీసి చూడండి. తల ఎప్పుడూ ఒకే పక్కకు వంగి ఉంటే ఆ ఫొటోలు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

ఇంట్లో రెండు చిన్న పరీక్షలు చేసి చూడొచ్చు. ఇవి జబ్బుని తేల్చవు, దారి చూపిస్తాయి. ఒకటి: పెన్ను మొనని ఆమె ముక్కుకి ఎదురుగా చెయ్యి చాచినంత దూరంలో పెట్టి మెల్లగా ముక్కు వైపు తీసుకురండి. మొన రెండుగా కనిపించిన చోట, లేదా ఒక కన్ను బయటికి జారిపోయిన చోట ఆపి స్కేలుతో కొలవండి. సాధారణంగా ముక్కుకి 5, 6 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఒకటిగానే ఉంటుంది. పది పన్నెండు దగ్గరే రెండైపోతే తప్పకుండా చూపించాలి. పొద్దున ఒకసారి, బాగా చదివిన సాయంత్రం ఒకసారి, నాలుగైదు మార్లు వరసగా చేసి చూడండి. అలసిన కళ్ళలో తేడా బయటపడుతుంది. రెండోది: నొప్పి మామూలుగా వచ్చే సమయంలో ఒక కంటికి మెత్తటి గుడ్డ కట్టుకుని అదే పుస్తకం చదవమనండి. మర్నాడు అదే వేళకి రెండు కళ్ళతో. ఒక కంటితో చదివిన రోజు నొప్పి రాకపోయినా, బాగా తక్కువగా ఉన్నా, రెండు కళ్ళు కలవడంలోనే ఇబ్బంది ఉందని బలమైన అనుమానం. కూర్చుని చదివేటప్పుడు తప్ప, గుడ్డతో మెట్లు దిగడం, బండి నడపడం వద్దు.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ‘తలనొప్పి, కళ్ళు చూడండి’ అని మాత్రమే చెబితే మళ్ళీ అక్షరాలే చదివిస్తారు. ‘చదివితేనే నొప్పి వస్తోంది, ఒక కన్ను మూస్తే తగ్గుతోంది, బైనాక్యులర్ విజన్ పరీక్ష చేయండి’ అని అడగండి. కవర్ టెస్టు (ఉదయగిరి ఆమెకి కవరు మార్చి చూసిన పరీక్ష) దూరానికీ దగ్గరికీ రెండింటికీ, మాడాక్స్ రాడ్, కన్వర్జెన్స్ కొలత, ప్రిజమ్ బార్‌తో పట్టి ఉంచే శక్తి కొలత, ఇవి ఉండాలి. మాడాక్స్ రాడ్ అంటే గీతలున్న ఎర్ర అద్దం ముక్క. దాన్ని ఒక కంటి ముందు పెడితే ఆ కంటికి లైటు ఎర్ర గీతలా కనిపిస్తుంది, రెండో కంటికి మామూలు లైటు. గీత లైటు మీదుగా పోతుందా, పక్కకి జరిగిందా అని అడుగుతారు. ఇంత సులువైన పరికరం పంతొమ్మిదో శతాబ్ది చివరి నుంచీ ఉంది. అన్నీ కలిపినా అరగంట పని, సూదులూ స్కానింగులూ ఏమీ ఉండవు.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ పరీక్షలన్నీ కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయకముందే జరగాలి. చుక్కలు పడ్డాక దగ్గరి చూపు పనిచెయ్యదు, ఆ కొలతలకి అర్థం ఉండదు. చాలాచోట్ల లోపలికి వెళ్ళగానే చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెడతారు. అక్కడే ఆపి చెప్పండి. అవి అయ్యాక చుక్కలు తప్పకుండా వేయించుకోండి, ఎందుకంటే వయసులో ఉన్నవాళ్ళలో ప్లస్ పవర్ దాగి ఉంటుంది. కంటి లోపలి కండరం బిగించి అక్షరాలు 6/6 చదివేస్తారు, ఆ బిగింపే నొప్పి తెస్తుంది. కొందరికి ఆ చిన్న ప్లస్ అద్దాలతోనే కథ ముగుస్తుంది.

కళ్ళజోడు వాడుతున్న మిగతావాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, జోడు మార్చాకే నొప్పి మొదలైందా అని ఆలోచించండి. అద్దం మధ్యబిందువు కంటిపాపకి ఎదురుగా లేకపోతే ఆ అద్దమే ప్రిజమ్‌లా పనిచేస్తుంది. లెక్క సులువు: ఎన్ని సెంటీమీటర్లు తప్పిందో దాన్ని పవర్‌తో గుణించాలి. మైనస్ 6 పవర్ ఉన్న మనిషికి ఒక అద్దం 3 మిల్లీమీటర్లు పైకో కిందికో బిగిస్తే 1.8 ప్రిజమ్. పైకీ కిందికీ సర్దుకునే శక్తి రెండు మూడే అని చెప్పాను కదా, అందులో సగానికి పైగా అక్కడే ఖర్చైపోతుంది. పవర్ కరెక్టుగా ఉంది కాబట్టి ఎవరూ జోడుని అనుమానించరు. అందుకే ఫ్రేము ముఖానికి పెట్టి పాపల దూరం కొలవని షాపులో ఎక్కువ పవర్ అద్దాలు చేయించుకోకండి.

ఎక్కడ చూపించాలంటే, ముందు నెల్లూరులోనే మెల్లకన్ను చూసే డాక్టరు, ఆప్టోమెట్రిస్టు ఇద్దరూ ఉన్న ఆసుపత్రి వెతకండి. అక్కడ తేలకపోతే చెన్నైలో శంకర నేత్రాలయ, తిరుపతిలో అరవింద్, విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. ఒంగోలు వైపు వాళ్ళకి విజయవాడ, మీకు చెన్నై రైలు సులువు.

కన్వర్జెన్స్ లోపం అని తేలితే వైద్యం ప్రధానంగా వ్యాయామాలు. అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 221 మందిపై జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో, క్లినిక్‌లో వారంవారం చేయించి ఇంట్లో కూడా సాధన చేయించిన వాళ్ళలో 12 వారాలకు 73 శాతం మందికి గుణం కనిపించింది. ఇంట్లో పెన్సిలు ముక్కు దగ్గరికి తెచ్చే వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళలో 43 శాతం. అందుకని పెన్సిలు వ్యాయామం రాసిచ్చి పంపేస్తే సరిపోదని నా గట్టి అభిప్రాయం. అయితే వారంవారం తిరగలేని పల్లెటూరి పిల్లలకి ఏమీ చేయకపోవడం కంటే అదైనా పద్ధతిగా, కొలతలు రాసుకుంటూ చేయడం మేలు. తాడుకి మూడు రంగుల పూసలు గుచ్చి చేసే బ్రాక్ స్ట్రింగ్ ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు, ఎలా చూడాలో మాత్రం ఒకసారి నేర్చుకోవాలి. మొదటి వారం నొప్పి కాస్త పెరగొచ్చు, అక్కడ మానేసేవాళ్ళే ఎక్కువ. ఈ లోపానికి పిల్లలకి ప్రిజమ్ ఉన్న చదివే అద్దాలు ఇచ్చి చూస్తే మామూలు అద్దాల కంటే ఎక్కువ మేలు కనిపించలేదు. ప్రిజమ్‌లు పైకి-కిందికి తేడా ఉన్నవాళ్ళకి బాగా పనికొస్తాయి. తేడా మరీ పెద్దదైతే ఆపరేషన్.

తలనొప్పులన్నీ కళ్ళవల్లే అని నేను అనను. అలా అన్నవాళ్ళ వల్లే ఈ విషయం మూలన పడింది. ఫోరియా అనే పేరుని 1886లో తెచ్చిన న్యూయార్క్ డాక్టరు జార్జ్ స్టీవెన్స్, మూర్ఛతో సహా ఎన్నో నరాల జబ్బులకి కంటి కండరాలే కారణమని, వాటిని కోస్తే తగ్గుతాయని వాదించాడు. అది నిలవలేదు. ఆ అతివల్ల నరాల డాక్టర్లకి ఈ మాట మీదే నమ్మకం పోయింది. ఈ రోజుల్లో కూడా ఆందోళన, కళ్ళు తిరగడం అన్నీ ప్రిజమ్ అద్దాలతో పోతాయని వేలకు వేలు తీసుకునేవాళ్ళున్నారు, కొలతలు కాగితం మీద చూపించకపోతే డబ్బు కట్టకండి. అసలు మైగ్రేనే ఉండి, దానికి తోడు కళ్ళ శ్రమ దాన్ని రేపే వాళ్ళూ ఉంటారు. వాళ్ళకి రెండు వైద్యాలూ కావాలి, మైగ్రేన్ మందు సొంతంగా ఆపకూడదు. మాత్రల సంగతి కూడా లెక్క చూడండి. పారాసెటమాల్ లాంటివి నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రలైతే 10 రోజులు దాటి మూడు నెలలకు పైగా వాడుతుంటే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెస్తాయి.

వీటిలో ఏది కనిపించినా మాత్రం వ్యాయామాలూ గుడ్డ కట్టడాలూ వదిలేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి: అకస్మాత్తుగా ఒకటి రెండుగా కనిపించడం, కనురెప్ప వాలిపోవడం, ఒక కంటిపాప పెద్దదవడం, ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా రావడం, పొద్దున్నే వాంతులతో నొప్పి, వంగి లేచేటప్పుడు కళ్ళు చీకట్లు కమ్మడం, కన్ను ఎర్రబడి దీపాల చుట్టూ రంగుల వలయాలు. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్ళకి కొత్తగా రెండుగా కనిపిస్తే అసలు ఆలస్యం చేయొద్దు.

ఇంట్లో వాళ్ళకి ఒక మాట చెప్పండి. చదివేటప్పుడు మాత్రమే నొప్పి రావడం వంక పెడుతోందని రుజువు కాదు, ఈ లోపానికి అదే లక్షణం. పరీక్ష అయ్యేదాకా పుస్తకం చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని, ప్రతి అరగంటకీ లేచి కాసేపు కిటికీలోంచి దూరంగా చూడమనండి. మాక్ టెస్టులు ఫోనులో వద్దు, ఏ స్నేహితురాలి ల్యాప్‌టాపులోనో రాయమనండి.

ఈ నెలంతా ఒక నోటుబుక్కులో నొప్పి ఏ వేళకి వచ్చింది, ముందు ఏం చేస్తోంది, ఎంతసేపు ఉంది, ఏ మాత్ర వేసుకుంది, నెలసరి తేదీలు, నిద్ర గంటలు రాయించండి. కళ్ళ కలయిక పరీక్షలో అంతా సవ్యంగా ఉందని తేలితే తిరిగి న్యూరాలజిస్టు దగ్గరికే వెళ్ళాలి, అప్పుడు ఆయన మొట్టమొదట అడిగేది ఆ నోటుబుక్కులో ఉన్నవే.